నేరేడు రంగు

చీమకుర్తి బస్టాండు పక్కన మా ఫ్లెక్సీ షాపు.
మాలకొండయ్య పెళ్లాం ఫోటో తెచ్చాడు,
మూలన ఏదో ఆఫీసు సీలు మరక.
"ఏడాది మాసికం పిల్లా. చీర రంగులో రావాల."
ఏం రంగు?
"వంకాయ... కాదులే, నేరేడు."

నేరేడు తీసి పూశాను, బూడిద పడింది.
ఎరుపు పూశాను, ఇంకాస్త ముదురు బూడిద.
గ్రానైటు పాలిషింగులో పన్జేసే మనిషి
తన ముంజేతుల వంక చూసుకున్నాడు.

మోడ్ గ్రేస్కేల్లో ఉంది.
ఆర్జీబీకి మార్చి మళ్లీ పూస్తే
చీర భగ్గుమంది.

దండకి చోటు చాల్లేదు, ఆమెని పక్కకి జరపబోయాను.
కదల్లేదు.
లేయరు మీద బుల్లి తాళం.
"ఏందది?"
లాక్, పెదనాన్నా. కదలనీదు.
రెండుసార్లు నొక్కితే ఊడింది.
అతను చాలాసేపు మాట్లాళ్లా.
"ఒంగోలు, చెల్లెలింటికి పోయొస్తానంటే
నేనూ కదలనిచ్చేవోణ్ణి కాదు."

ప్రింటుకి సీఎంవైకే.
స్క్రీన్ మీది మెరుపంతా చచ్చి
చీర వెలిసిపోయి బయటికొచ్చింది.
మళ్లీ తీస్తాను, రంగు దిగిపోయింది అన్నాను.

తడారని ఫ్లెక్సీ మీద వేలుపెట్టి
"ఉండనీ," అన్నాడు.
"ఉతికీ ఉతికీ ఇట్టానే ఉండేది."