మూడోవంతు

ముఖాన్ని మూడు భాగాలు చేయాలి.
జుట్టు మొదలయ్యే చోటి నుంచి కనుబొమల దాకా ఒకటి,
కనుబొమల నుంచి ముక్కు అడుగు దాకా ఒకటి,
అక్కడి నుంచి గడ్డం కొసకు ఒకటి.
మూడూ సమానమైతే అందమని పుస్తకం.

తిరుపతిలో పళ్ళ డాక్టరుకు
మొదటి గీతే దొరకదు చాలాసార్లు.
కొండ దిగి నేరుగా వస్తారు,
చందనం ఆరుతున్న గుండుతో కుర్చీలో కూచుంటారు.
నుదురు ఎక్కడ ఆగిందో
స్కేలుకు తెలియదు.

మునిరేఖ అట్లాగే వచ్చింది.
పన్నెండేళ్ళు. ఊరు మాధవమాల.
వెంట వాళ్ళ నాయన దొరసామాచారి,
ఎంత కడిగినా గోళ్ళ సందుల్లో
ఎర్రచందనం పొడి.

లైటుపెట్టె మీద ఎక్స్‌రే, దాని మీద పల్చటి కాగితం.
పెన్సిల్ చెక్కుకున్నాను.
మెదడు కింద ఎముకలో
గుర్రపు జీనంత వంపు తిరిగిన చిన్న గుంట, అక్కడొక చుక్క.
ముక్కు పుట్టేచోట ఇంకొకటి.
పైదవడ మీద, కిందిదవడ మీద చెరొకటి.
గీతలు కలిపితే
ఎనభై రెండు, ఎనభై రావాలి.
పాపకు ఎనభై రెండు, డెబ్బై నాలుగు.

ఆయన నా భుజం మీంచి వంగి చూస్తున్నాడు.
"మాకూ లెక్కుండాది సార్.
మొకం పన్నెండంగలాలు.
నుదురు నాలుగు, ముక్కు నాలుగు, ముక్కు కింద నాలుగు.
సామికైనా అమ్మోరికైనా అంతే.
మీ పుస్తకం రాసినాయన ఎవురో గానీ
మా తాత పక్కన కూచోని రాసినట్టుండాది."

నవ్వాను.
నా ఎనభై రెండు
ఏ దేశంలో ఎవరి బిడ్డల్ని వరసగా నిలబెట్టి తీసిన సగటో
పరీక్షలో రాసి, మర్చిపోయి చాలా కాలమైంది.

"ఎక్కువైతే చెక్కేస్తాం.
తక్కువైతే ఏం జేస్తారు సార్?
కొయ్యకి కొయ్య అతికితే కనపడతాది గదా."
"కొయ్య పెరగదు. పాప ఇంకా పెరుగుతోంది" అన్నాను.
చాలాసేపు మాట్లాడలేదు ఆయన.

బళ్ళో పిల్లలు ఏమైనా అంటారామ్మా,
అని అడిగాను.
అంటారనే నా ధీమా. వచ్చే పిల్లలందరూ అదే చెప్తారు.
తల అడ్డంగా తిప్పింది.
"బొమ్మలకి ఉప్పుకాగితం పడతా సార్.
పెదాలు మూతపడవు. పొడంతా నోట్లోకి పోతాది.
రేత్రి అన్నం గూడా చేదుగా ఉంటాది."

పెదవికీ పెదవికీ నడుమ ఆరు మిల్లీమీటర్లు,
ఇంతకు ముందే రాసుకున్నాను.
ఆరు మిల్లీమీటర్ల సందులోంచి
రోజుకెంత చెట్టు లోపలికి పోతుందో
రాసే గడి ఆ ఫారంలో లేదు.

పైకొకటి, కిందికొకటి ప్లాస్టిక్ దిమ్మెలు.
నోరు మూస్తే కిందిదవడ ముందుకు జారాలి.
మొదటి వారం ఏడ్చిందట, రెండో వారం మాట ముద్దగా వచ్చిందట,
మూడో వారం వాటితోనే పద్యం అప్పజెప్పిందట.

నెలకోసారి బస్సు దిగేది.
ఒకసారి తలంతా ఉప్పుకాగితం.
ఒకసారి దువ్వెన నిలవని కుచ్చు.
తొమ్మిదో నెలలో పాపిడి, ఎర్ర క్లిప్పు.
నా మొదటి గీత దొరికింది.
కొలిచి చూస్తే మూడింట్లో నుదురే పెద్దది,
అర సెంటీమీటరు.
దానికి మందు లేదు. అక్కర్లేదు కూడా.
కిందిదవడ డెబ్బై ఆరుకు వచ్చి ఆగింది,
ఎనభై కాలేదు.

ఆ రోజు దొరసామాచారి పాత పేపర్లో చుట్టి
జానెడు లక్ష్మిని తెచ్చిచ్చాడు.
అలవాటు చెడ్డది. అమ్మవారిని పక్కకి తిప్పి చూశాను.
పన్నెండంగుళాల లెక్క తప్పలేదు,
గడ్డం మాత్రం ఒక పిసరు వెనక్కి.
చెప్పకుండా ఉండాల్సింది.

ఆయన బొమ్మను తీసుకుని వెలుతురుకి పట్టాడు.
"మాయమ్మ గడ్డం" అన్నాడు,
ఎవరో పిలిచినట్టు.
"ఇరవైయేండ్లుగా అమ్ముతుండా సార్,
ఒక్కరూ వాపసు తేలా."

మునిరేఖ బొమ్మని ఒళ్ళో పెట్టుకుని
గడ్డం మీద బొటనవేలు రుద్దుతోంది, నునుపు చాలిందో లేదోనని.
పొడి ఇంకా నోట్లోకి పోతాందామ్మా, అన్నాను.
నోరు తెరవకుండానే
తల అడ్డంగా ఊపింది.