ఆరోవాడి మొహం

చీమకుర్తిలో, కర్నూలు రోడ్డు మీద,
టైర్ల కొట్టుకీ టిఫిన్ బండికీ నడుమ
మా ఫ్లెక్సీల షాపు.
పుట్టినరోజులూ పెద్దకర్మలూ వార్డు మెంబర్ల నమస్కారాలూ
అన్నీ నా మౌసు కిందుగానే పోతాయి.
మొహం ఒకరిది, ఒళ్ళొకరిది, చొక్కా ఇంకొకరిది.
కత్తిరించి అతికించడమే నా చదువు.

శుక్రవారం ఆర్గురు వీరుల సినిమా.
గురువారం పొద్దున్నే వచ్చారు కుర్రాళ్ళు
పాలిషింగ్ ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు దిగి,
కనుబొమల మీద రాతిపిండి దులపకుండానే.
"అక్కా, ఇరవై బై పన్నెండు. ఆర్గురూ ఉండాల.
ఐదుగుర్ని నెట్‌లోంచి తీస్కో.
ఆరోవాణ్ణి మాత్రం తీస్కోబాక."

ఆరోవాడు నల్లరాతి మనిషి.
వీళ్ళ చిన్నప్పుడు ఆదివారం పదింటికి
తెలుగు మాటల కార్టూన్‌లో వచ్చేవాడు.
ఎగరడు. మెరుపులు విసరడు.
కూలే కప్పు కింద భుజం పెట్టి
అందరూ బయటపడిందాకా నిలబడతాడు.
అంతే.
ఆ అంతే కోసం
కరెంటు పోతే గోడ దూకి పక్క వీధి టీవీకి పరిగెత్తేవాళ్ళు.

ఇప్పుడు ఆ వేషం ఎవరికిచ్చారో టీజర్లో చూశారు.
పాలమీగడ లాంటి పిల్లోడు.
సబ్బు ప్రకటనల మెడ.
కంప్యూటర్ పూసిన నలుపు.
"భుజం చూడక్కా, బియ్యం మూట ఎత్తిన భుజమేనా అది?"
"నడక చూడు. బరువున్నోడు అట్టా నడవడు,
బరువున్నోడికి మడమ ముందు దిగుద్ది."
ఒకడు మాత్రం నసిగాడు:
"నటనంటే అదేగదబ్బా, కానిది కావడం."
మీరావలి అటు తిరిగాడు.
"అయితే మనోణ్ణి రాజకుమారుడి వేషం వెయ్యమను.
ఒప్పుకుంటారేమో చూద్దాం."
బయట బండి కాడ దోసె తింటున్నాయన
నమలడం ఆపాడు.

ఫోన్ నా ముందుకు జరిపాడు మీరావలి.
యలమంద. క్వారీలో డ్రిల్లరు.
క్యారేజీ మూత తీస్తుంటే ఎవరో పిలిచారు,
తలెత్తాడు, అదే ఫోటో.
నలుపు మీద చెమట, చెమట మీద పొద్దు,
పాలిష్ పట్టిన గెలాక్సీ రాతిలో
లోపలెక్కడో చుక్కలు మెరిసినట్టు.
"ఈయన్ని పెట్టక్కా."
"ఆయన్ని అడిగారా?"
"అడిగితే ఒప్పుకోడు."

అంచులు కత్తిరిస్తుంటే కనిపించాయి
చెవి వెనక పాత కుట్లు, గడ్డం మీద గాటు.
ఇట్టాంటివి చెరిపేస్తాను మామూలుగా,
పోయినోళ్ళ ఫోటోల్లో కూడా.
ఈసారి చెయ్యి రాలేదు.

ఇంకో పని చేశాను, ఎవరూ చెప్పకుండానే.
ఆ జట్టులో ఒక్కతే అమ్మాయి,
ఎడమ చివర, సగం వెనక్కి తిరిగి, ఒంటికాలి మీద.
ఏ పోస్టర్లోనైనా అంతే, చూస్తేనే నడుము నొప్పి.
ఆమెని మధ్యకి జరిపి
వేరే ఒంటి నుంచి పాదాలు తెచ్చి
రెండూ నేలకి ఆనించాను.
కుర్రాళ్ళు గమనించలేదు.
బేరమాడి నూటయాభై తగ్గించుకుని పోయారు.

హాలు ముందు జనం తలలెత్తి చూస్తున్నారు.
"ఆరోవాడెవరు? కొత్తోడా?"
"అరవోడంట."
"కాదు, నాటకాల్లోంచి వచ్చాడంట."
"ఎవరైతేనేం, భలే కుదిరాడబ్బా."

లోపల, ఆఖరి రీలులో,
పాలమీగడ పిల్లోడు కప్పు కింద భుజం పెట్టాడు.
మెడ పక్కన ఒక నరం వణికింది.
అది కంప్యూటర్‌ది కాదు.
హాలు గమ్మునయిపోయింది.
మీరావలి కళ్ళు తుడుచుకుని
"బాగానే చేశాడు నాయాలు" అన్నాడు,
ఎవరో తన జేబు కొట్టేసినంత కోపంగా.

సోమవారం షాపు ముందు టీవీఎస్ ఆగింది.
యలమంద. నా గుండె జారింది.
"నా మొహం పెట్టింది నువ్వేనంటగదమ్మాయ్?"
తలూపాను.
కాసేపు టైర్ల కొట్టు వైపు చూశాడు.
"సరే గానీ, సినిమా చూశావా?
అందరూ బయటికి పోయినాక,
కప్పు కింద వాడు
బయటికొస్తాడా?"

"రెండో భాగంలో చెబుతారంట" అన్నాను.

నవ్వాడు.
టిఫిన్ క్యారేజీ హ్యాండిలుకి తగిలించుకుని
క్వారీ వైపు పోయాడు.