తీగల మెట్ట

కొమ్మాది దాటి ఉత్తరంగా పోతే
జీడితోటలు అడవిలో కలిసేచోట
మెట్ట మీద నాలుగు సిమెంటు దిమ్మలు.
దిమ్మకి నాలుగేసి బోల్టులు,
తుప్పుపట్టి, ఇంకా ఆకాశం కేసే.
వాటికి ఏం బిగించారో చూసినవాళ్లు
ఊళ్లో ఇప్పుడెవరూ లేరు.
చూశామని చెప్పేవాళ్లు మాత్రం బోలెడుమంది.

తాటిచెట్టుకి మూడింతలుండేవి స్తంభాలు,
గాలొస్తే ఏడ్చేవి అంటాడు కోరాడ సన్నిబాబు.
ఏడ్చింది స్తంభాలు కాదెహె,
రాత్రి డ్యూటీ కుర్రసోల్జరు అంటాడు గంగులు.
రేవు మీద జపానోడి బాంబులు పడ్డనాడు
ఊరు అడవికేసి పరిగెడితే
అడవిలోని సోల్జర్లు ఊరికేసి పరిగెత్తారట,
గెడ్డ దగ్గర ఎదురుపడి
ఒకరి మొహాలొకరు చూసుకున్నారట.
నిజమో కాదో.
ఆ కథకి మా వీధి నవ్వే నవ్వు మాత్రం నిజం.

మా మామ్మ ఎర్నమ్మ ఆ మెట్టకి నీళ్లు మోసింది.
పదిహేనేళ్ల పిల్ల. బిందెకి కానీ.
రేకుల షెడ్డులోకి రానిచ్చేవాళ్లు కాదు.
గుమ్మం బయట తొట్టిలో నీళ్లు పోసి
చుట్టకుదురు సర్దుకునేంతసేపు వినేది.
"కర్రలో పురుగు కొరికినట్టుండీదిరా.
ఒకటే పాట. మల్లీ మల్లీ అదే."

స్టేషను ఎత్తేశాక రాగితీగంతా
పూర్ణా మార్కెట్లో తూకానికి పోయింది.
ఒక్క ముక్క మా దొడ్లో దండెమైంది.
తాత పంచెలన్నిటికీ నడిమధ్యన
ఆకుపచ్చ గీత.
ఎవరైనా అడిగితే
మిలట్రీ అంచు అనేవాడు.

మామ్మ దగ్గర మిగిలింది ఆ పాటే.
మిరపకాయలు దంచేటప్పుడు
పొట్టి దెబ్బ, పొట్టి దెబ్బ,
తర్వాత రోకలిని రోట్లోనే ఓ క్షణం ఉంచేసేది.
మళ్లీ ఓ క్షణం.
ఆపైన రెండు పొట్టివి.
పక్కింటివాళ్లు తుమ్ముతూ లెక్కపెట్టేవాళ్లు.

కాలేజీలో గణాలు నేర్చిన ఏడు
నోటుపుస్తకం వెనకపేజీలో రాసుకున్నాను:
లఘువు లఘువు గురువు, గురువు లఘువు లఘువు.
సగణం, వెంటనే భగణం.
మేష్టారు కళ్లజోడు పైకెత్తి చూసి
ఈ పాదం ఏ పద్యంలోదోయ్ అన్నారు.
మా మామ్మ రోకలిదని చెప్పలేకపోయాను.
ఆ చెప్పలేకపోవడం
ఇప్పటికీ మిరపఘాటులా గొంతులో ఉంటుంది.

మామ్మ పోయిన పదకొండేళ్లకి
మధురవాడలో గ్యాసుబండల క్యూలో
లెంక దాలినాయుడు గారు పరిచయమయ్యారు.
నేవీలో సిగ్నల్స్ చేసి రిటైరైన మనిషి.
ఖాళీ సిలిండరు మీద వేలితో కొట్టి చూపించాను.
ఆయన మొహం ఒక్కసారి ఇరవైయేళ్లదైపోయింది.
"ఇది అక్షరం కాదండీ. ప్రశ్న గుర్తు.
తీగ మీదొస్తే దానర్థం,
సరిగా వినపడలేదు, మళ్లీ చెప్పు."

ఎవరు ఎవర్ని అడిగారో.
బంగాళాఖాతంలో ఏ ఓడ
చెప్పిందే చెప్పలేక ఊరుకుందో.
యాభైయేళ్లు మా ఇంటి కారం
ఆ ప్రశ్నతోనే మెత్తబడిందని
నాకేం తెలుసు.

ఆదివారం ఇద్దరం మెట్టెక్కాం.
ఫారెస్టు గార్డు ఆపింది, సీదరి చిలకమ్మ,
పాడేరు వైపు పిల్ల.
అలుగులు తిరుగుతున్నాయి, తొందరగా దిగిపొండి అంది.
ఇక్కడ సిగ్నలుండదు సార్,
ఆ దిమ్మెక్కితే ఒక గీత వస్తాది అంది.
ఎక్కి చూపించింది కూడా.
"అమ్మా, పనసకాయలు కోసీసినారా?
ఏటి? ఇనపడ్లేదు, మల్లీ సెప్పు."
దాలినాయుడు గారు చెప్పులోంచి
ముల్లు తీసుకుంటున్నట్టు వంగిపోయారు.

దిగేటప్పుడు మరోసారి లెక్కపెట్టాను.
పైన నాలుగేసి బోల్టులన్నాను కదా, తప్పు.
పడమటి దిమ్మకి మూడే.
నాలుగోది ఎప్పుడు ఊడిందో,
ఊళ్లో ఎవరి తలుపుని పట్టుకునుందో.
సన్నిబాబుని అడగాలి.
గంగులు కాదంటాడు.