ఏడో అంతస్తు తోడేళ్లు

కరెంటు పోయింది. ఫోనులో పద్దెనిమిది శాతం ఉంది.
మా చెల్లి కెజియా ఇప్పుడు ఒక తోడేళ్ల మందకి పెద్ద.
పన్నెండు తోడేళ్లూ దాని మొహంలోకే చూస్తున్నాయి.
తెర మీద ప్రశ్న:
మీ మంద ఎక్కడ కాపురం పెడుతుంది?

మంచుమైదానం, కొండ, అడవి, ఎడారి, చిత్తడి.
అడుగున చిన్నక్షరాల్లో,
తొందరేం లేదు, బాగా ఆలోచించుకోండి.

నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

కూవం గట్టున మా తలుపు మీద
నీలం పెయింటుతో నంబరు రాసి పోయారు.
నాన్న పొద్దున లేచి చూస్తే ఇంకా తడిగా ఉంది,
వేలికి అంటుకుంది.
తర్వాత ఒక ప్లాస్టిక్ బకెట్లో చెయ్యి పెట్టి చీటీ తియ్యమన్నారు.
పెరుంబాక్కం, ఏడో అంతస్తు.
అదృష్టవంతుడివయ్యా, గాలి బాగా వస్తుంది, అన్నాడు బకెట్ పట్టుకున్నాయన.
నిజమే. గాలి వస్తుంది.
లిఫ్టే రాదు.

కెజియా ఒక్కో బొమ్మనీ వేలితో జరుపుతోంది.
మంచు వద్దంట. మంచంటే దానికి
కాశిమేడులో వంజరం చేపల మీద పారతో పోసేదే.
"అందులో పడుకుంటే మనమూ అమ్మకానికేనక్కా."
కొండ వద్దంట. అది దగ్గరగా చూసిన కొండ ఒక్కటే,
పెరుంగుడి చెత్తది,
రాత్రిళ్లు లోలోపల కాలుతుండేది.
ఎడారిని చూడను కూడా చూడలేదు,
మే నెలలో ట్యాంకరు రాని మూడు రోజులు
ఇంకా మరిచిపోలేదు కాబోలు.
అడవి దగ్గర మాత్రం చాలాసేపు ఉంది.
జింకలు ఎక్కువ. దాక్కునే చోట్లు ఎక్కువ.
పదహారు శాతం.

చిత్తడి: వేట తక్కువ, దోమలెక్కువ,
ఎవరూ మిమ్మల్ని వెతుక్కుంటూ రారు.

అది రెండుసార్లు చదివింది, పెదాలు కదుపుతూ.
లేచి కిటికీ దగ్గరికెళ్లింది.
కింద చీకట్లో జమ్ముగడ్డి, దాని మధ్య నీళ్లు,
నీళ్లలో ఎవరివో గేదెలు, ఒకదాని మీద నిద్రపోతున్న కొంగ.
రోజూ కనపడేవే.
"ఇదే," అంది.

"నీళ్లొస్తే?" అన్నాను.
పోయిన డిసెంబరులో కిందిళ్ల వాళ్లు
మా వరండాలో మూడు రాత్రులు పడుకున్నారు,
గ్యాసుబండలు తలగడ పక్కన పెట్టుకుని.
"వీటికి ఈతొచ్చక్కా. చూడు, మూడు చుక్కలు."
నిజంగానే మూడు చుక్కలు వెలుగుతున్నాయి.

పేర్లు అప్పుడు చూశాను.
తెల్ల చారల ఆడతోడేలు దేవానమ్మత్త,
కణ్ణగినగర్లో పడ్డది ఆమెకి.
చెవి తెగింది ఇస్త్రీబండి ఏకాంబరం,
ఆయన ఎక్కడికెళ్లాడో ఎవరికీ తెలీదు.
కుంటి పిల్ల సలోమి, కెజియా బెంచీలో కూర్చునేది,
ఈ కాలనీలోనే ఉంది, ఆ చివర,
పోవాలంటే ఆటోకి నలభై.
గొంతు చించుకుని అరిచేదానికి మాత్రం నా పేరు పెట్టింది.
అడగలేదు.

"ఒక్క గుహలో ఇంతమంది పడతారా?"
"పట్టకపోతే తవ్వుకుంటారు.
ఇక్కడ గోడలు తవ్వనిస్తారక్కా."

ఖాయం చేసుకోమంటోంది ఆట.
మళ్లీ మారాలంటే ఐదొందల నాణేలు.
దాని దగ్గర పదకొండున్నాయి.
నొక్కేసింది.

చాప మీంచి నాయనమ్మ లేచింది.
నాలుగూ నలభై బస్సుకి లేవాల్సిన మనిషి,
స్టేషను ఊడవను ముప్పయ్యేళ్లుగా పోతున్న మనిషి,
మా గుసగుసలు ఎక్కణ్ణించి విన్నదో.
"ఇల్లు చూస్తాండారా?"
"ఊ," అంది కెజియా.
"దొరికిందా?"
"దొరికింది నాయనమ్మా."
నాయనమ్మ కొప్పు ముడేసుకుంటూ కాసేపు ఆలోచించింది.
"ఆడినుంచి సెంట్రల్‌కి బస్సుండాదా మే?"

నాకు నవ్వొచ్చింది.
కెజియా నవ్వలేదు.
తొమ్మిది శాతం వెలుగులో
పటాన్ని రెండు వేళ్లతో పెద్దది చేసి
వెతుకుతోంది.