పాలసొర

డాక్టరమ్మ ఒడియాలో చెబుతుంది,
నేను తెలుగులో చెప్పాలి.
పదో తరగతి దాకా ఒడియా బళ్ళో కూర్చున్నదాన్ని
మా పేటలో నేనొక్కదాన్నే.

"పారద" అంది.
పాదరసం అన్నాను.
వలల మీద కూర్చున్న ఆడాళ్ళు నా మొహం చూశారు.
జ్వరం చూసే గాజుపుల్లలో ఉంటుందే,
పగిలితే పూసలై పరుగెత్తుతుందే, అదీ.
"అది సేప కడుపులోకెలాగెల్తాదే?"
సూరాడ కొర్లమ్మ అడిగింది, అందరికన్నా ముందు.

ఏటి మొగ వైపు చెయ్యి చూపాను.
ఫ్యాక్టరీ గేటుకి తాళం పడి ఇరవయ్యేళ్ళు.
తూముకి మాత్రం ఎవరూ తాళం వెయ్యలేదు.
బురదలో దిగినది నాచుకెక్కింది,
నాచు తిన్న రొయ్యకి, రొయ్యని మింగిన జెల్లకి,
జెల్లని మింగిన సొరకి,
అప్పు మీద వడ్డీ, వడ్డీ మీద వడ్డీ,
పెద్ద నోటి దగ్గరికొచ్చేసరికి కొండంత.
వడ్డీ అనేసరికి అందరికీ అర్థమైంది.

కిందటి మాఘంలో వీళ్ళే వచ్చి
మా తలల్లోంచి ఒక్కో పాయ కత్తిరించుకుపోయారు.
కాగితం కవరు మీద పేరు, వయసు,
వారానికెన్నిసార్లు చేప.
"వారానికా!" అని నవ్వింది మా అత్త,
"పూటకెన్నిసార్లో రాసుకోమను."
బంగారమ్మ తల్లికి మొక్కుకున్న జుట్టు
కంపెనీ మొక్కు తీర్చడానికి పోయింది.
ఇప్పుడు అంకెలొచ్చాయి.
మా ఆడపడుచు ఎర్రమ్మ అంకె కింద ఎర్రగీత.
దానికి ఏడో నెల.

డాక్టరమ్మ నేను మోయగలిగినంత
చిన్న చిన్న మాటల్లో చెప్పింది.
తల్లికి ఏమీ తెలీదట.
లోపల బిడ్డ మెదడు పోసుకునేటప్పుడే
అది చేరుతుందట.
నడక ఆలస్యం, మాట ఆలస్యం,
"హొయిపారే" అంది, మూడుసార్లు.
కావచ్చు.
ఆ ఒక్క మాట తెలుగులో చెప్పడం
ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది.
అవుతుందంటే ఏడుస్తారు.
అవదంటే తింటారు.

చిన్నవి తినొచ్చు. కవళ్ళు, నెత్తళ్ళు.
పెద్దవి వద్దు. టేకు వద్దు. సొర అసలే వద్దు.
కడుపుతో ఉన్నవాళ్ళూ, పాలిచ్చేవాళ్ళూ

అక్కడ నా నోరు ఆగింది.

మా అమ్మ నన్ను కన్న మూడోనాడు
మా అమ్మమ్మ పాలసొర ఉడకబెట్టి, తోలు ఒలిచి, చిదిపి,
పసుపూ వెల్లుల్లీ వేసి పిట్టు చేసింది.
పాలు పడతాయని.
నా కొడుక్కి నేనిచ్చిన పాలూ
ఆ పిట్టు తిని పడినవే.
వాడు నాలుగేళ్ళు నిండాక మాటలాడాడు.
ఆలస్యమని ఎవరూ అనలేదు,
మేనమామ పోలిక అన్నారు.
డాక్టరమ్మని అడుగుదామనుకున్నాను.
రెండు భాషల్లోనూ నోరు రాలేదు.

"మరి పెద్ద సేపలేటి సేసుకోవాలో అడుగే," అంది అత్త.
అడగకుండానే చెప్పేశాను:
అమ్ముకుందాం.

మర్నాడు తెల్లారగట్ల బస్సెక్కి బరంపురం.
బుట్టలో అడుగున ఐసు, ఐసు మీద రెండు పాలసొరలు,
వాటి మీద కవళ్ళు.
పదిన్నరకి ఒక ముసలాయన,
చంకలో గొడుగు, చేతిలో మడతపెట్టిన రెండు వందలు.
"సొరుందా అమ్మా?
మా మనవరాలు మొన్న పురుడోసుకుంది."

లేదన్నాను.

కవళ్ళ కిందనుంచి తోక బయటికుంది.
ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు.
"ఎవరికో చెప్పిపెట్టినట్టున్నావులే,"
అని తనే సర్దిచెప్పుకుని
పక్క బుట్ట దగ్గరికి నడిచాడు.

పక్క బుట్ట కొర్లమ్మది.
తక్కెట్లో సొరని వేస్తూ వేస్తూ
ఆగి, నాకేసి చూసింది.

నేను ఐసు సర్దుకుంటున్నాను.