గాలి వంతు

మిర్చి యార్డులో యాంటెనా పట్టుకుని తిరుగుతున్నా.
తుమ్ము. మళ్ళీ తుమ్ము.
ఈ ఘాటుకి లైసెన్సు అడిగేవాడు లేడు.

మూడు రోజులుగా అంబులెన్సు వైర్‌లెస్‌లో
ఒకటే బరబర.
"ఏ లైను? ఏ లైను?" అని
డ్రైవరు బాజీ అరుస్తూనే ఉన్నాడట.

మీటరు ముల్లు వణికి వణికి
సామ్రాజ్యమ్మగారి కొట్టు వైపు ఆగింది.
రేకుల మీద, వెదురుబొంగుకి కట్టిన బూస్టరు.
"గోడౌన్లో ఫోను పలకట్లేదు బాబూ,
నాలుగు వేలు పోసి కొన్నా."

కాలవ నీళ్ళకున్నట్టే గాలికీ వంతులుంటాయన్నాను,
నోటీసు రాస్తూ.

ఆవిడ వైరు పీకేసింది.
"మా నాన్న తువ్వాలు కింద
వేళ్ళు నొక్కి ధర చెప్పేవాడు.
పక్కనున్నోడికి చీమంత చప్పుడు తెలిసేది కాదు."

చేతిలో రిసీవరు గొంతు సవరించుకుంది:
"బ్రాడీపేట, నాలుగో లైను. వినబడింది. పోతున్నా."

నాకు ఇంకో తుమ్ము.