తాలు

యార్డు వెనక మూతబడ్డ మిరప గోడౌనుకి
సున్నం రెండు పూతలేసి
వారంలో చిత్రకళా సంత అన్నారు.
రెండు పూతలూ తాగేసి గోడ
మూడోనాటికి మళ్ళీ ఎర్రబారింది.
దీపాలు బిగించే కుర్రాడు కళ్ళు నులుముకుంటూనే
వైర్లు లాగాడు.

ప్రారంభం సాయంత్రం ఆరింటికి.
గుమ్మంలో పన్నీరు, గంధం, కండువాలు.
అరండల్‌పేట నుంచి కీబోర్డు పిల్లలు,
పెదకాకాని నుంచి డప్పుల జట్టు,
కూచిపూడికి తెనాలి అమ్మాయి,
తన ఇత్తడి పళ్ళెం తనే చంకన పెట్టుకుని దిగింది.
మంత్రిగారు రాలేదు. ఆయన బదులు పూలగుత్తి వచ్చింది.

నా బొమ్మ మూడో దూలం కింద.
నాలుగడుగుల కల్లం. ఆరబోసిన కాయలు,
వాటి మధ్య తొడిమలు తీస్తున్న ఆడవాళ్ళ వీపులు.
ఏడాది పట్టింది. ఎరుపే తొమ్మిది ట్యూబులు.
ముఖాలు వెయ్యడం చేతకాక వీపులు వేశానని
ఎవరికీ చెప్పలేదు.

డప్పులు మొదలయ్యాయి.
మొదటి దరువుకి దూలాలు ఒళ్ళు విరుచుకున్నాయి.
రెండో దరువుకి పైనుంచి ఏదో సన్నగా రాలింది.
ముప్పై ఏళ్ళ సరుకు,
ఏ కాటా ఎక్కని సరుకు,
రేకుల సందుల్లో నక్కిన పొడి
దీపాల వెలుగులో మెరుస్తూ దిగుతుంటే
అదీ కార్యక్రమంలో భాగమే అనుకుని
ముందు వరస చప్పట్లు కొట్టింది.

తర్వాత తుమ్మింది.

కలెక్టరాఫీసు తుమ్మింది, రోటరీ క్లబ్బు తుమ్మింది,
హైదరాబాదు నుంచి వచ్చిన విమర్శకుడు
"ఈ రేఖలో ఒక..." అంటూ ఆగి
మిగతా వాక్యం రుమాల్లోకి పూర్తి చేశాడు.
తెనాలి అమ్మాయి వంతు వచ్చేసరికి
ఘాటు ఇంకా గాల్లోనే ఉంది.
పళ్ళెం అంచుల మీద పాదాలు, తల మీద చెంబు,
ముక్కుపుటాలు మాత్రం వణుకుతూ
వణుకుతూ
మృదంగం పెద్దాయన కనిపెట్టాడు.
తీర్మానం గట్టిగా దంచాడు.
ఆ చప్పుడు మాటున తుమ్మేసింది.
చెంబు పడలేదు.
నేనిప్పటిదాకా చూసిన అభినయాల్లో అదే గొప్పది.

దగ్గనిది ఒక్కామె.
టీ కప్పుల ట్రేతో నా బొమ్మ ముందు ఆగింది.
నీలం చీర, కాంట్రాక్టరు పెట్టించిన కాగితం టోపీ.
రాహేలమ్మట పేరు.
ఈ గోడౌన్లోనే, ఈ మూడో దూలం కిందే
పంతొమ్మిదేళ్ళు కూర్చుందిట.

"బాగుందా?" అన్నాను. అడక్కుండా ఉండాల్సింది.
"కాయ ఏదమ్మా ఇది?"
"తేజ."
ముందుకు వంగింది. వాసన చూసిందేమో కూడా.
"తేజ ఈ రంగుండదు. ఇది తాలు.
కల్లంలో వాన తగిలి తెల్లబోయింది.
సగం రేటు కూడా పలకదమ్మా."
ఒక వీపు మీద వేలు పెట్టబోయి, ఆపుకుని,
"ఈమె మాత్రం సరిగ్గా కూర్చుంది.
నడుం నొప్పి తెలుస్తంది."

అప్పుడే నిర్వాహకుల కుర్రాడొచ్చి
ధర చీటీ పక్కన ఎర్రచుక్క అంటించాడు,
అమ్ముడైనట్టు గుర్తు.
కొన్నదెవరో, ఎంతకో రాహేలమ్మ అడగలేదు.
చుక్కకేసి చూసి
"ఇదీ తేజంటే" అంది.
చల్లారుతున్న టీలు తీసుకుని వెళ్ళిపోయింది.

జనం పల్చబడ్డాక
ఎవరూ లేని మూల గోడకి చెయ్యి ఆనించాను.
ఎందుకో తెలీదు. అరచెయ్యంతా ఎరుపు అంటింది.
ట్యూబుల్లో దొరకని ఎరుపు.
ఆ చేత్తోనే, అలవాటు కొద్దీ, కళ్ళు తుడుచుకున్నాను.

పొద్దున బొమ్మని మోసుకొచ్చిన ఆటోనే.
లాడ్జి సెంటరు దాటాక అద్దంలోంచి చూసి
"అమ్ముడుపోలేదా మేడం?" అన్నాడు మస్తాన్.
పోయింది, అన్నాను. మంచి రేటుకే.
బ్రాడీపేట నాలుగో లైను దాకా
అతనింకేమీ అడగలేదు.
నీళ్ళ సీసా మాత్రం వెనక్కి అందించాడు.